తెన్నేటి పార్కు అందరికీ తెలుసు, తెన్నేటి విశ్వనాథం గారి సంగతి ఎవరైనా చెప్తారా?

#1 శ్రావణి_ఎంవీపీ

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం సాయంత్రం మా అబ్బాయిని తీసుకుని మన విశాఖ తెన్నేటి పార్కుకి వెళ్లాను. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగింది చూడండి, ఆ వైపు రాళ్లు కనిపించేలా కూర్చున్నాం. మావాడు మొక్కజొన్న పొత్తు ఒలుచుకుంటూ బోర్డు వైపు చూసి "అమ్మా, తెన్నేటి అంటే ఎవరు?" అన్నాడు. స్వాతంత్ర్య సమరయోధుడు నాన్నా అన్నాను. "అంటే ఏం చేశారు?" అన్నాడు. జైలుకెళ్లారు అన్నాను. "తర్వాత?" అన్నాడు. అక్కడితో నా దగ్గర సరుకు అయిపోయింది.

వాడు ఏడో తరగతి. వాడికేదో చెప్పి తప్పించుకోవచ్చు కానీ నాకే సిగ్గనిపించింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగాను, నలభై ఏళ్లు వచ్చాయి. ఇంటర్నెట్‌లో వెతికితే పుట్టిన సంవత్సరం, పోయిన తేదీ, మంత్రి పదవి, అంతే. నాకు కావలసింది అది కాదు. శాసనసభలో ఆయన దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు? ఎవరి పక్షాన నిలబడ్డారు? పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు ఉన్నారు కదా ఇక్కడ, కాస్త చెప్పండి.

#2 కంచరపాలెం_లక్ష్మి

మంచి ప్రశ్న శ్రావణి గారూ. నాక్కూడా తెలీదు. ఫాలో అవుతున్నాను.

#3 మధురవాడ_కిరణ్

ఆయన విశాఖ ఎంపీగా ఉండి స్టీల్ ప్లాంట్ తెచ్చారు. దానికోసం నిరాహార దీక్ష కూడా చేశారు. ఇది చెప్తే చాలు మీ అబ్బాయికి.

#4 పాతనగరం_మాస్టారు

కిరణ్ బాబూ, రెండూ పొరపాటే. అయినా నీ తప్పేం లేదు, సగం ఊరు ఇలాగే అనుకుంటుంది.

దీక్ష చేసింది టి. అమృతరావు గారు. ఆయనది గుంటూరు జిల్లా తాడికొండ. అక్కణ్ణుంచి వచ్చి 1966 అక్టోబరు 15న మన విశాఖలో దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి వారు ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన అఖిలపక్షంలో పెద్ద తలకాయ. ఎంపీ అయ్యింది ఆ తర్వాత, 1967లో, స్వతంత్ర అభ్యర్థిగా.

శ్రావణమ్మా, కాస్త ఓపికగా చదువుకో, మొదటినుంచి చెప్తాను. నేను కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి, క్లుప్తంగా చెప్పడం రాదు.

విశ్వనాథం గారు 1895లో మన జిల్లా లక్కవరంలో పుట్టారు. లా చదివి విశాఖలో ప్లీడరీ చేశారు. కాంగ్రెస్‌లో ఉండి జైళ్లకు వెళ్లారు. అంతవరకూ ఆ తరం నాయకులందరి కథా ఒకటే. ఆయన దారి వేరైంది టంగుటూరి ప్రకాశం పంతులు గారి వెంట నడవడంలో. 1951లో పంతులుగారు కాంగ్రెస్ వదిలి కృపలానీ గారితో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ పెట్టారు. దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తున్న రోజులు. అధికార పార్టీ వదిలి బయటకు రావడమంటే మాటలా! తెన్నేటి వారు ఆయనతోనే వచ్చేశారు. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఆ పార్టీ తరఫునే మద్రాసు శాసనసభకు గెలిచారు.

అప్పటి మద్రాసు సభలో 375 సీట్లు. కాంగ్రెస్‌కి 152 వచ్చాయి, అంటే మెజారిటీ రాలేదు. కమ్యూనిస్టులకు 62, ప్రజా పార్టీకి 35. ప్రతిపక్షాలన్నీ కలిసి ప్రకాశం గారిని నాయకుడిగా ఎన్నుకుని మాకు బలం ఉందన్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం రాజాజీని పిలిచి ముఖ్యమంత్రిగా కూర్చోబెట్టారు. రాజాజీ ఆ ఎన్నికల్లో పోటీ కూడా చెయ్యలేదు. ఈ రోజు మనం గవర్నర్ల గురించి టీవీల్లో వింటున్న గొడవంతా అప్పటికే ఉంది. తెన్నేటి వారు రాష్ట్ర రాజకీయంలో మొదటి పాఠం నేర్చుకున్నది ఆ ప్రతిపక్ష బెంచీల మీద.

భోజనానికి పిలుస్తున్నారు, మళ్లీ వస్తాను.

#5 లా_కుర్రాడు_ఏయూ

మాస్టారూ, ఇది మా పాఠాల్లో ఎక్కడా లేదు. ఆగకండి.

#6 పాతనగరం_మాస్టారు

అదే 1952లో పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు, మద్రాసు నగరం లేకుండా.

1953 అక్టోబరు 1న కర్నూలులో రాష్ట్రం పుట్టింది. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఆర్థిక మంత్రి మన తెన్నేటి విశ్వనాథం గారు. ఒక్కసారి ఊహించుకో అమ్మా. మద్రాసు పోయింది. పెద్ద పట్నమంటూ లేదు. కర్నూలులో ఆఫీసులకు భవనాల్లేక గుడారాలు వేశారు. ఆ గుడారాల రాష్ట్రానికి జమాఖర్చులు చూసే పని మన ఊరి ప్లీడరు గారిది.

పదమూడు నెలలే ఉంది ఆ ప్రభుత్వం. ఆ కొద్ది కాలంలోనే 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు. గుంటూరులో హైకోర్టు తెరిచారు. బెజవాడలో కొట్టుకుపోయిన పాత ఆనకట్ట చోట కొత్త బ్యారేజీ మొదలుపెట్టారు, అదే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ. వీటికి పేరు పంతులుగారికి వచ్చింది, రావలసిందే. ఖజానా ఎలా సర్దారో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

#7 కంచరపాలెం_లక్ష్మి

పదమూడు నెలలకే ఎందుకు పడిపోయింది మాస్టారూ?

#8 పాతనగరం_మాస్టారు

మద్యనిషేధం మీద పడిపోయిందమ్మా. మద్రాసు రాష్ట్రం నుంచి నిషేధం మనకు వారసత్వంగా వచ్చింది. అది అమలవుతున్న తీరు చూడమని ఎస్.వి. రామమూర్తి గారి కమిటీ వేశారు. నిషేధం ఎత్తెయ్యమని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం పెట్టాయి. 1954 నవంబరు 6న ఓటింగ్. తీర్మానానికి 69, ప్రభుత్వానికి 68. ఒక్క ఓటు తేడా.

ఇక్కడే నాకు తెన్నేటి వారంటే గౌరవం. ఆబ్కారీ ఆదాయం ఒక ఆర్థిక మంత్రికి ఎంత అవసరమో వేరే చెప్పాలా? గుడారాల్లో నడుస్తున్న ప్రభుత్వం, చేతిలో చిల్లిగవ్వ లేదు. నిషేధం ఎత్తేస్తే డబ్బొస్తుంది, కుర్చీ కూడా నిలుస్తుంది. కమిటీయే చెప్పింది కాబట్టి అడిగేవాడూ ఉండడు. అయినా ఆ మంత్రివర్గం మాట మీద నిలబడింది, దిగిపోయింది. ఇలాంటివాళ్లని ఇప్పుడు చూపించండి.

#9 సోంపేట_అప్పన్న

మాస్టారూ నమస్కారం. మీ మాటకి ఎదురు చెప్తున్నానని అనుకోకండి. ఇంకో వైపు కూడా చెప్పాలి.

మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాం. మా తాత కల్లుగీత మనిషి. తాటిచెట్టు ఎక్కే మోకు మా ఇంట్లో నా చిన్నప్పటిదాకా దూలానికి వేలాడుతుండేది. నల్లగా, జిడ్డుగా, మధ్యలో నడుము రాసుకునే చోట నున్నగా అరిగిపోయి ఉండేది. నిషేధం రోజుల్లో ఆ మోకు చూస్తేనే పోలీసులు పట్టుకుపోయేవారని మా నాయనమ్మ చెప్పేది. మా తాత గీత మానేసి రంగం పోయాడు, అంటే రంగూన్ కాదు, అప్పటికి అది అయిపోయింది, కలకత్తా జూట్ మిల్లుకి. మావాళ్లకి వలసంతా రంగమే. నాలుగేళ్లు ఇంటిముఖం చూడలేదు.

మా బారువ గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల కోసం సత్యాగ్రహం నడిపారు, జైలుకెళ్లారు. ఆ పోరాటం వల్లే ఆ ప్రభుత్వం పడింది. మా ఇళ్లల్లో లచ్చన్న గారి ఫొటో దేవుడి పటం పక్కన ఉంటుంది. మీరు మాట మీద నిలబడ్డం అంటున్నది మాకు కూటి మీద దెబ్బ. తెన్నేటి వారు మంచివారే కావచ్చు, ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ ఆ రోజు మా తాత పక్షాన లేరు. శ్రావణి గారి అబ్బాయికి ఇది కూడా చెప్పాలి.

#10 పాతనగరం_మాస్టారు

అప్పన్నా, నువ్వు చెప్పింది నిజం. పాఠం చెప్పినన్నేళ్లూ నేను 69, 68 అని అంకెలు చెప్పి వదిలేశాను. మోకు గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. సారాయి అమ్ముకుని బాగుపడేవాడికీ చెట్టెక్కి కల్లు దించుకునేవాడికీ ఒకే చట్టం వర్తింపజేశారు. అక్కడ తప్పు జరిగింది, ఒప్పుకుంటున్నాను.

#11 శ్రావణి_ఎంవీపీ

అప్పన్న గారూ, చాలా థాంక్స్. మీ పోస్టు మావాడికి చదివి వినిపించాను. మోకు అంటే ఏమిటో బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

#12 మధురవాడ_కిరణ్

సరే, నా పొరపాటు సరిదిద్దుకుంటున్నాను. కానీ స్టీల్ ప్లాంట్ విషయంలో ఆయన పాత్ర ఏమిటి మరి? పేరు మాత్రం ప్రతిసారీ వినిపిస్తుంది.

#13 పాతనగరం_మాస్టారు

ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం 1965లో ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువైన చోటని చెప్పింది. ఓడరేవు ఉంది, రైలు ఉంది, నీళ్లకు దారి ఉంది. కేంద్రం మాత్రం నాన్చింది. 1966 జూలై 1న రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అయినా కదలిక లేదు. అప్పుడు అమృతరావు గారి దీక్ష, ఆయన చుట్టూ ఊరంతా, ఊరి చుట్టూ రాష్ట్రమంతా. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అప్పటిదే.

డెబ్బై ఏళ్లు దాటిన మనిషి తెన్నేటి వారు అప్పటికి. కమ్యూనిస్టులు ఒక పక్క, స్వతంత్రులు ఒక పక్క, విద్యార్థులు ఇంకో పక్క. ఒకరి మాట ఒకరు వినని వాళ్లందరినీ ఒక తాటి మీద నిలపాలంటే ఏ పార్టీకీ కట్టుబడని పెద్దమనిషి కావాలి. ఆయన ఆ పని చేశారు. నా దృష్టిలో ఆయన జీవితంలో మంత్రి పదవి కన్నా ఇది పెద్దది.

1966 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా పదేళ్లు. నేను తొమ్మిదో తరగతి. మా ఇల్లు పాత పోస్టాఫీసు దగ్గర. పొద్దున్నే గొడవగా ఉందని బడి లేదన్నారు. మా నాన్న బియ్యం తెస్తానని సంచీ పట్టుకుని వెళ్లారు. మధ్యాహ్నం ఇంటికొచ్చారు, చేతిలో సంచీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. మా అమ్మ ఏదో అడగబోతే చెయ్యి అడ్డంగా ఊపి అరుగు మీద కూర్చుండిపోయారు. కుడికాలి బొటనవేలి గోరు లేచిపోయి రక్తం కారుతోంది, ఆయనకు తెలీనే లేదు. కాల్పులు జరిగాయని అలా తెలిసింది మాకు. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారు. మన ఊళ్లో పోయినవాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. నా ఈడు పిల్లలు, నా కన్నా చిన్నవాళ్లు.

నవంబరు 3న అమృతరావు గారు దీక్ష విరమించారు. 67 మంది శాసనసభ్యులు రాజీనామా చేశారు. 1967 ఎన్నికల్లో విశాఖ ప్రజలు తెన్నేటి వారిని స్వతంత్రుడిగా లోక్‌సభకు పంపారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ గారు పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. అందుకే కిరణ్ బాబూ, ఆయన తెచ్చారు అనడం కన్నా, తెచ్చుకున్న జనంలో ముందు నడిచినవారు అనడం సబబు.

#14 గాజువాక_రమణ

చదువుతుంటే ఒళ్లు జలదరించింది మాస్టారూ. నేను ప్లాంట్‌లో పనిచేస్తున్నాను, రెండో తరం.

మాది నిర్వాసిత కుటుంబం. మా ఇంట్లో ట్రంకు పెట్టెలో మా తాత ఆర్ కార్డు, అంటే ప్లాంట్ కోసం భూమి పోయినవాళ్లకి ఇచ్చిన పునరావాస కార్డు, ఇంకా ఉంది. అంచులు పసుపెక్కి, మడత దగ్గర చిరిగితే మా నాన్న పారదర్శక కవరులో పెట్టారు. తాత వేలిముద్ర సగం చెరిగిపోయింది. ఆ కార్డు మీదే మా నాన్నకి కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం వచ్చింది. నైట్ షిఫ్ట్ దిగి వస్తే ముక్కు కొసన, చెవుల వెనక నల్లటి బూడిద. అమ్మ వేడినీళ్లు పెట్టి ఉంచేది. ఆ జీతంతోనే నేనూ చెల్లీ చదువుకున్నాం.

తాత జీడిమామిడి తోట పోయిందని పోయేదాకా బాధపడ్డాడు. మా ఊరు ఇప్పుడు మ్యాప్‌లో లేదు. అందరూ 32 మంది గురించి చెప్తారు, చెప్పాలి. అరవై పైచిలుకు ఊళ్లు లేచిపోయిన సంగతి కూడా చెప్పాలి. ఆర్ కార్డు చేతిలో ఉండి ఉద్యోగం రానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు మా కాలనీల్లో.

ఇంకొకటి. 1971లో శంకుస్థాపన అయితే ప్లాంట్‌ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు గారు. ఇరవయ్యొక్క ఏళ్లు పట్టింది. తెన్నేటి వారు 1979 నవంబరులోనే పోయారు. ఫర్నేస్ వెలగడం ఆయన చూడలేదు.

#15 కంచరపాలెం_లక్ష్మి

రమణ గారూ, ఇప్పుడు ప్లాంట్ సంగతేంటి? పేపర్లో రోజుకో మాట వస్తుంది, టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు కాంట్రాక్ట్ లేబర్.

#16 గాజువాక_రమణ

లక్ష్మక్కా, 2021 జనవరి 27న వంద శాతం వాటా అమ్మేస్తామని కేంద్ర క్యాబినెట్ కమిటీ చెప్పింది. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలుపెట్టాం. మే 20న రాష్ట్ర శాసనసభ వద్దని తీర్మానం చేసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. కానీ అసలు జబ్బు సొంత ఇనుప గనులు లేకపోవడం. బయట మార్కెట్ రేటుకి ఖనిజం కొని, గనులున్న కంపెనీలతో పోటీ పడమంటే ఎలా? ఏ లెజిస్లేటరైనా, ఏ ఎంపీ అయినా ముందు దాని గురించి మాట్లాడాలి. నాకు కావలసింది అదొక్కటే.

#17 మధురవాడ_కిరణ్

అందుకే అడుగుతున్నాను. 1966లోనూ సభ తీర్మానం, 2021లోనూ సభ తీర్మానం. రెండుసార్లూ ఢిల్లీ వినలేదు. మరి ఎమ్మెల్యే మాటకి విలువేంటి? రాజీనామా చేస్తేనే కదా అప్పుడు కదిలింది. ఇప్పుడు ఎందుకు కదల్లేదు?

#18 లా_కుర్రాడు_ఏయూ

ఇది నేను చెప్తాను, మా సబ్జెక్టు కాబట్టి.

ఉక్కు పరిశ్రమ మీద అధికారం కేంద్రానిది. 1951 పరిశ్రమల చట్టం దాన్ని కేంద్రం చేతిలో పెట్టింది. కాబట్టి రాష్ట్ర సభ తీర్మానం అంటే అభిప్రాయమే, ఆజ్ఞ కాదు. అది ముందుగా తెలుసుకోవాలి.

రాజీనామా విషయంలో 1966కీ ఇప్పటికీ చాలా తేడా ఉంది, చాలామంది గమనించరు. అప్పట్లో రాజ్యాంగం 190వ అధికరణం ప్రకారం సభ్యుడు సంతకం చేసి స్పీకర్‌కి ఇచ్చిన క్షణంలోనే సీటు ఖాళీ. స్పీకర్ ఒప్పుకోవాలన్న మాటే లేదు. 1974లో 33వ సవరణ వచ్చింది. గుజరాత్‌లో నవనిర్మాణ్ ఉద్యమంలో ఎమ్మెల్యేల చేత బలవంతంగా రాజీనామాలు చేయించారని, ఇకమీదట అది స్వచ్ఛందమా, నిజమా అని స్పీకర్ చూసి ఆమోదించాలని మార్చారు. ఎన్నాళ్లలో ఆమోదించాలో మాత్రం రాయలేదు.

మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. విశాఖ ఉత్తర ఎమ్మెల్యేగా ఉన్న గంటా శ్రీనివాసరావు గారు 2021 ఫిబ్రవరిలో స్టీల్ ప్లాంట్ కోసం రాజీనామా ఇచ్చారు. స్పీకర్ ఆమోదించింది 2024 జనవరిలో. దాదాపు మూడేళ్లు. అప్పటికి ఎన్నికలు ముంగిట్లోకి వచ్చేశాయి. ఆ మధ్యకాలంలో ఆయన ఉన్నట్టా లేనట్టా? ఉత్తర నియోజకవర్గం ఓటరుగా నేను దీని గురించి ఎంతో ఆలోచించాను. రాజీనామా అనే ఆయుధానికి 1966లో ఉన్న పదును ఇప్పుడు లేదు. చట్టమే మొద్దుబార్చింది.

#19 మధురవాడ_కిరణ్

1966లో మాత్రం ఏం పదును? ఎన్నికలు 1967 ఫిబ్రవరిలో. నాలుగు నెలల పదవి వదులుకోవడం త్యాగమా?

#20 పాతనగరం_మాస్టారు

కిరణ్ బాబూ, నాలుగు నెలలే కావచ్చు. కానీ రాజీనామా చేసిన చాలామంది మళ్లీ గెలుస్తారన్న నమ్మకం ఏమీ లేదు. కాల్పుల తర్వాత ఊరు ఎలా ఉందో చూసినవాణ్ణి చెప్తున్నాను. వాళ్లు ఆ సభలో కూర్చోలేకపోయారు. అంతే.

#21 నిర్వాహకుడు

చర్చ చాలా బాగా నడుస్తోంది. ఒక్క మనవి. 18వ పోస్టు కింద కొందరు ఇప్పటి పార్టీలను తిట్టుకుంటూ రాసినవి తీసేశాం. ఎవరి రికార్డు గురించైనా తేదీతో, పనితో సహా రాయండి. తిట్లు వద్దు.

#22 సోంపేట_అప్పన్న

లా తమ్ముడూ, నాకో సందేహం. సభ మాట ఢిల్లీ వినకపోతే, రాజీనామా పనిచేయకపోతే, ఎమ్మెల్యే ఇంకేం చెయ్యగలడు? మా వీధి కాలువ పూడిక గురించి ఒక కార్యాలయానికి ఆరుసార్లు తిరిగాను. కొత్త మనిషి కూర్చుంటాడు, కొత్త కాగితం రాయించుకుంటాడు. మనిషి మారినా కాలువ మారలేదు.

#23 లా_కుర్రాడు_ఏయూ

అన్నా, కాలువ నిజానికి కార్పొరేషన్ పని. అందరం ఎమ్మెల్యే దగ్గరికే పోతాం, ఆయన కూడా కాదనలేక ఫోన్ చేస్తాడు. పొద్దున్నంతా పెళ్లిళ్లు, పరామర్శలు, ఫోన్లు. సభలో చెయ్యవలసిన పనికి టైమ్ ఉండదు.

సభలో చేతికున్న పనిముట్లు తక్కువేం కాదు. ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి, ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది. బడ్జెట్ పద్దు మీద కోత తీర్మానం, అంటే ఆ పద్దు తగ్గించమనే తీర్మానం, పెట్టొచ్చు. ప్రజాపద్దుల కమిటీలో కూర్చుని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చేతిలో పట్టుకుని అధికారిని నిలదియ్యొచ్చు. నిర్వాసితులకు ఇచ్చిన మాటలో ఎంత నెరవేరింది, పునరావాస కాలనీల పట్టాలు ఎందుకు ఆగాయి, ఇవి రాష్ట్ర రెవెన్యూ శాఖను అడగాల్సినవే. దీనికి ఢిల్లీ అక్కర్లేదు.

మాస్టారూ, తెన్నేటి వారు సభలో ఎలా మాట్లాడేవారు?

#24 పాతనగరం_మాస్టారు

నేను వినలేదు నాయనా. ఆయన రాసింది చదివాను. ప్రకాశం గారి ఆత్మకథ "నా జీవిత యాత్ర" ఉంది కదా, మొదటి మూడు భాగాలు పంతులుగారివి. నాలుగో భాగం తెన్నేటి వారు రాశారు. పంతులుగారు 1957 మే 20న పోయారు. ఆ మంత్రివర్గం సంగతులు, అది కూలిన తీరు లోపల్నుంచి చూసిన మనిషి చెప్పిన కథనం అది. చదువు. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. కూలిన ప్రభుత్వంలో ఆర్థిక మంత్రే ఆ పుస్తకం రాశాడు. తన నాయకుడి మీద భక్తితో రాశాడు. అందుకని దాని పక్కన సభ చర్చల సంపుటం పెట్టుకుని చదవాలి. లచ్చన్న గారి వైపు మాట కూడా పక్కన పెట్టుకోవాలి, అప్పన్న చెప్పాడుగా.

నాకు ఆయనలో నచ్చేది ఇది. పార్టీ అధికారంలో ఉన్నప్పుడు వదిలి బయటకొచ్చాడు. ప్రభుత్వం నిలబెట్టుకునే దారి ఎదురుగా ఉన్నా పట్టిన మాట వదల్లేదు. డెబ్బై ఏళ్ల వయసులో రోడ్డు మీదకొచ్చాడు. చివరి ఎన్నిక ఏ గుర్తింపు పార్టీ అండా లేకుండా గెలిచాడు. ఒప్పూ తప్పూ రెండూ ఆయన పేరు మీదే ఉన్నాయి, ఎవరి వెనకా దాక్కోలేదు.

#25 గాజువాక_రమణ

మాస్టారూ, ఒక కోరిక. నవంబరు 1న మీరు మా కాలనీకి రావాలి. మా పిల్లలకి 32 మంది అని తెలుసు గానీ, చెప్పుల్లేకుండా వచ్చిన మీ నాన్నగారి సంగతి తెలీదు. బండి పంపిస్తాను.

#26 పాతనగరం_మాస్టారు

తప్పకుండా వస్తాను రమణా. బండి వద్దు, బస్సులో వస్తాను. మీ తాతగారి ఆర్ కార్డు చూపించు.

#27 శ్రావణి_ఎంవీపీ

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. రెండు రాత్రులుగా మావాడూ నేనూ కలిసి చదువుతున్నాం. వాడు నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాసుకున్నాడు, యథాతథంగా పెడుతున్నాను.

ఒకటి, గుడారాల్లో వానొస్తే కాగితాలు ఏం చేసేవారు? రెండు, అప్పన్న అంకుల్ తాతగారు కలకత్తా నుంచి తిరిగొచ్చారా? మూడు, ఆ ఒక్క ఓటు ఎవరిది?

#28 సోంపేట_అప్పన్న

వచ్చాడు బాబూ. నాలుగేళ్ల తర్వాత, దసరాకి ముందు. మా నాన్నకి ఇత్తడి లాంతరు తెచ్చాడు. అది ఇంకా ఉంది, ఒకరోజు మర్రిపాలెం వస్తే చూపిస్తాను.

#29 లా_కుర్రాడు_ఏయూ

శ్రావణి గారూ, మూడో ప్రశ్నకి నేనూ వెతుకుతాను. 1954 నవంబరు సభ చర్చల కోసం శనివారం మా డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో అడుగుతున్నాను. ఎవరు అటు, ఎవరు ఇటు అన్న జాబితా దొరికితే ఫొటో తీసి ఇక్కడే పెడతాను.

#30 పాతనగరం_మాస్టారు

నేనూ వస్తాను. పదింటికి లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను. నా కళ్లజోడు నంబరు మారింది, చిన్న అక్షరాలు నువ్వే చదవాలి.